రంగు పూయకుండానే రంగులు: లోహంపై లేజర్ వేసే నానో చాళ్ల లెక్క

స్టెయిన్‌లెస్ స్టీలు పలక మీద అగ్గిపెట్టె అంత మేర లేజర్ ఆడించారు. నిటారుగా చూస్తే ఆ భాగం కాస్త మసిబారినట్టు, బూడిద రంగులో ఉంటుంది. దీపం వెలుగులో పలకను కొద్దిగా వంచితే నీలం మెరుస్తుంది. ఇంకాస్త వంచితే ఆకుపచ్చ, ఆపైన ఎరుపు. పెయింటు వేయలేదు, పూత పూయలేదు, రసాయనంలో ముంచలేదు. వేలితో తడిమినా తేడా తెలియదు. అక్కడున్నది అదే ఉక్కు. కాకపోతే ఇప్పుడు దానిమీద మిల్లీమీటరుకు 1,600కు పైగా సన్నని చాళ్లు వరుసగా ఉన్నాయి.

ఆ చాళ్లను ఒక్కొక్కటిగా ఎవరూ గీయలేదు. లేజర్ చుక్క వెడల్పు 50 మైక్రోమీటర్లు. చాలుకూ చాలుకూ మధ్య ఎడం 0.6 మైక్రోమీటరు, అంటే 600 నానోమీటర్లు. ఒక్క చుక్క పడిన చోటే 80కి పైగా చాళ్లు వాటంతటవే తేలాయి. లేజర్ ప్రేరిత ఆవర్తన ఉపరితల నిర్మాణాలు అన్న ఇంగ్లిషు పేరును పొట్టిచేసి పరిశోధకులు వీటిని ‘లిప్స్’ అంటారు.

ఈ విద్యకు బలం ఒక అంకెలో ఉంది, బలహీనత మరో అంకెలో ఉంది. రెండూ కాలం లెక్కలే. ఒక్కో లేజర్ మెరుపు, అంటే పల్సు, ఎంతలో ముగుస్తుందన్నది మొదటిది. చదరపు మీటరు పని ఎప్పటికి ముగుస్తుందన్నది రెండోది. మధ్యలో ఉన్న అంకెలన్నీ ఈ రెంటినీ కలిపేవే.

100 ఫెమ్టోసెకన్లు: వేడి కదిలేలోపే పల్సు మాయం

సెకనును 10 లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క 100 ఫెమ్టోసెకన్లు. అంత వ్యవధిని ఒక సెకనుగా సాగదీస్తే, మన సెకను 3 లక్షల 17 వేల సంవత్సరాలవుతుంది. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు వెళ్లే కాంతి ఈ కాస్త సమయంలో వెళ్లేది 30 మైక్రోమీటర్లే. తల వెంట్రుక మందంలో సగం కూడా కాదు.

లోహం మీద పడిన కాంతిని ముందుగా పీల్చుకునేవి ఎలక్ట్రాన్లు. అది కూడా పైపొరలోని పది, ఇరవై నానోమీటర్ల లోతులోనే. క్షణంలో వాటి ఉష్ణోగ్రత వేల డిగ్రీలకు ఎగబాకుతుంది. ఆ సమయానికి పరమాణువుల జాలకం ఇంకా గది ఉష్ణోగ్రత దగ్గరే ఉంటుంది. ఒకే చోట, ఒకే క్షణంలో రెండు ఉష్ణోగ్రతలన్నమాట. సోవియట్ శాస్త్రవేత్త అనిసిమోవ్, ఆయన సహచరులు 1974లో ఈ స్థితికి లెక్క కట్టారు. అదే రెండు ఉష్ణోగ్రతల నమూనా. ఈ రంగంలో లెక్కలు వేసేవాళ్లు నేటికీ దాన్నే వాడుతున్నారు.

ఎలక్ట్రాన్ల వేడి పరమాణువులకు చేరడానికి 1 నుంచి 10 పికోసెకన్లు పడుతుంది. అంటే పల్సు నిడివికి 10 నుంచి 100 రెట్లు. లోహానికి తాను వేడెక్కానన్న సంగతి తెలిసేసరికి పల్సు వచ్చి వెళ్లిపోయి ఉంటుంది.

దీనివల్ల ఒరిగేదేమిటో తెలియాలంటే నానోసెకను లేజర్‌తో పోల్చి చూడాలి. వేడి పాకే దూరాన్ని అంచనా వేయడం తేలిక: లోహపు ఉష్ణ వ్యాపన గుణకాన్ని కాలంతో గుణించి వర్గమూలం తీయాలి. స్టెయిన్‌లెస్ స్టీలుకు 10 నానోసెకన్లలో వచ్చేది సుమారు 200 నానోమీటర్లు. 10 పికోసెకన్లలో వచ్చేది 6 నానోమీటర్లు. వేడిని చకచకా పంచే రాగిలోనైతే 10 నానోసెకన్లకే మైక్రోమీటరు దాటుతుంది. మనకు కావలసిన చాలులో గట్టుకూ పల్లానికీ మధ్య దూరం 300 నానోమీటర్లు. వేడి 200 దాకా పాకితే గట్టూ పల్లమూ కలగలిసిపోతాయి. నానోసెకను లేజర్‌తో చాళ్లు అసలే పడవని కాదు. కరిగిన లోహం ఎక్కువసేపు పారుతుంది కాబట్టి వాటి అంచులు మొద్దుబారతాయి.

4 మైక్రోజౌళ్లు: కొంచెం శక్తి, కొండంత తీవ్రత

ఒక్కో పల్సులో శక్తి ఎంత ఉండాలి? స్టీలు, టైటానియం వంటి లోహాల మీద చాళ్లు తేలడానికి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.1 నుంచి 0.3 జౌలు కావాలి. 0.2 అనుకుందాం. 50 మైక్రోమీటర్ల చుక్క వైశాల్యంతో గుణిస్తే పల్సుకు 4 మైక్రోజౌళ్లు వస్తుంది. రెండున్నర మిల్లీగ్రాముల దోమను జానెడుకు కాస్త తక్కువ ఎత్తు లేపడానికి సరిపోయే శక్తి, అంతే.

ఈ కాస్త శక్తి 100 ఫెమ్టోసెకన్లలో దిగడంతో కథ మారిపోతుంది. 4 మైక్రోజౌళ్లను ఆ కాలంతో భాగిస్తే 4 కోట్ల వాట్లు, అంటే 40 మెగావాట్లు. దాన్ని చుక్క వైశాల్యంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 2 లక్షల కోట్ల వాట్లు. నడినెత్తిన ఉన్న ఎండ తీవ్రత చదరపు సెంటీమీటరుకు 0.1 వాటు. అంటే ఆ చుక్కలో, ఆ క్షణంలో, ఎండకు 20 లక్షల కోట్ల రెట్ల తీవ్రత ఉంటుంది.

ఇలాంటి పల్సును తయారు చేయడమే ఒకప్పుడు పెద్ద చిక్కు. శక్తి పెంచబోతే, పెంచే స్ఫటికమే ఆ తీవ్రతకు పాడయ్యేది. 1985లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో జెరార్డ్ మూరూ, ఆయన విద్యార్థిని డోనా స్ట్రిక్లాండ్ దారి కనిపెట్టారు. పల్సును ముందు పొడవుగా సాగదీశారు. తీవ్రత తగ్గిన ఆ స్థితిలో శక్తిని పెంచారు. చివర్లో మళ్లీ కుదించారు. ఇందుకు 2018లో ఇద్దరికీ కలిపి భౌతికశాస్త్ర నోబెల్‌లో సగం వాటా దక్కింది. మేరీ క్యూరీ, మరియా గెపర్ట్ మేయర్‌ల తర్వాత భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న మూడో మహిళ స్ట్రిక్లాండ్.

600 నానోమీటర్లు: ఆ ఎడం ఎక్కడిది?

1960లో థియొడర్ మైమన్ మొదటి లేజర్ వెలిగించాడు. ఐదేళ్లకు, 1965లో, మిల్టన్ బిర్న్‌బామ్ రూబీ లేజర్ దెబ్బ తిన్న సెమీకండక్టర్ల మీద సమానాంతర గీతలు కనిపించాయని రాశాడు. 1973లో ఎమ్మొనీ, ఆయన సహచరులు జెర్మేనియం అద్దాల మీద కార్బన్ డయాక్సైడ్ లేజర్ వల్ల పడిన గీతలకు కారణం చెప్పారు. 1983లో కెనడాలోని టొరంటోలో జాన్ సైప్ బృందం దాన్ని పూర్తి సిద్ధాంతంగా నిలబెట్టింది.

కారణం ఇది. ఎంత నునుపు చేసినా లోహం మీద సన్నని గరుకు మిగులుతుంది. ఆ గరుకుకు తగిలి కాంతిలో కొంత భాగం చెదిరి, లోహపు ఉపరితలాన్ని అంటిపెట్టుకుని పక్కకు ప్రయాణిస్తుంది. లోహాల్లో దీన్ని ఉపరితల ప్లాస్మాన్ తరంగం అంటారు. పైనుంచి పడే కాంతి, పక్కకు పాకే ఈ తరంగం ఒకదానితో ఒకటి కలుస్తాయి. కొన్ని చోట్ల రెండూ కలిసి బలపడతాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. బలపడిన చోట లోహం ఎక్కువ లేచిపోతుంది. అదే పల్లం. తగ్గిన చోట మిగిలేది గట్టు.

చాళ్ల ఎడం లేజర్ తరంగదైర్ఘ్యం కన్నా కాస్త తక్కువగా ఎందుకుంటుందో దీన్నిబట్టే తెలుస్తుంది. 800 నానోమీటర్ల టైటానియం సఫైర్ లేజర్‌కు లోహాల మీద సాధారణంగా 550 నుంచి 750 మధ్య వస్తుంది. ఇంకా దగ్గరి చాళ్లు కావాలంటే 515 నానోమీటర్ల పచ్చని లేజర్ వాడాలి. లోతు మాత్రం ఒకటి, రెండు వందల నానోమీటర్ల దగ్గరే ఉంటుంది.

తరంగదైర్ఘ్యంలో సగం కన్నా తక్కువ ఎడంతో వచ్చే మరో రకం చాళ్లు కూడా ఉన్నాయి. టైటానియం మీద ఇవి 100 నానోమీటర్ల లోపే ఉంటాయి. వీటి పుట్టుక గురించి పరిశోధకుల్లో ఇప్పటికీ ఒకే మాట లేదు. ఆక్సీకరణ అని కొందరు, కరిగిన పొర కదలిక అని మరికొందరు, చాళ్ల లోపల కాంతి చేసే మాయ అని ఇంకొందరు వాదిస్తారు.

90 డిగ్రీలు: చాళ్ల దిశ మన చేతిలోనే

పెద్ద చాళ్లు లోహాల మీద కాంతి ధ్రువణ దిశకు అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో పడతాయి. కాంతి విద్యుత్ క్షేత్రం తూర్పు పడమరలుగా ఊగితే చాళ్లు ఉత్తర దక్షిణాలుగా వస్తాయి. దిశ మార్చడానికి పలకను తిప్పనక్కర్లేదు, లేజర్‌నూ తిప్పనక్కర్లేదు. దారిలో ఉన్న అర్ధతరంగ ఫలకాన్ని 45 డిగ్రీలు తిప్పితే ధ్రువణం 90 డిగ్రీలు తిరుగుతుంది. చాళ్లూ దాంతోపాటే తిరుగుతాయి.

నకిలీలను పట్టుకునే గుర్తులకు ఇది బాగా పనికొస్తుంది. పలకంతా ఒక దిశలో చాళ్లు వేసి, అక్షరాలను మాత్రం మరో దిశలో వేస్తే, ఒక వైపు నుంచి చూసినవారికే అక్షరాలు మెరుస్తాయి. సిరా లేదు కాబట్టి సిరాను చెరిపే రసాయనాలు దీనిమీద పనిచేయవు.

రంగుల లెక్కనూ ఇక్కడే చూడవచ్చు. చాళ్ల ఎడం 600 నానోమీటర్లు, వెలుగు నిలువు నుంచి 30 డిగ్రీల వాలులో పడుతోంది అనుకుందాం. 450 నానోమీటర్ల నీలం దీపం ఉన్న వైపే 14 డిగ్రీల దగ్గర వెనక్కి వస్తుంది. 550 నానోమీటర్ల ఆకుపచ్చ 25 డిగ్రీల దగ్గర, 650 నానోమీటర్ల ఎరుపు 36 డిగ్రీల దగ్గర కనిపిస్తాయి. వెలుగు సరిగ్గా నిలువునా పడితే నీలం 49 డిగ్రీలకు, ఆకుపచ్చ 66కు జరుగుతాయి. ఎరుపు అసలు కనిపించదు, దాని తరంగదైర్ఘ్యం చాలు ఎడం కన్నా పెద్దది గనుక. 740 నానోమీటర్ల ఎడంతో వరుసలుండే డీవీడీ మీద రంగులు మెరవడానికీ ఇదే కారణం.

చూసే కోణంతో మారని రంగులూ సాధ్యమే. రోచెస్టర్‌లో అనతోలీ వొరొబ్యేవ్, చున్‌లే గువో 2008లో అల్యూమినియాన్ని బంగారు రంగులోకి మార్చి చూపారు. అంతకుముందే లోహాన్ని పూర్తిగా నల్లగా మార్చారు. వెలుగును బాగా పీల్చే ఉపరితలం వేడెక్కితే వెలుగును అంతే బాగా వెదజల్లుతుంది. 2009లో వాళ్లు బల్బులోని టంగ్‌స్టన్ తీగపై ఇదే పద్ధతి ప్రయోగించారు. 100 వాట్ల బల్బు ఇచ్చే వెలుగును 60 వాట్ల బల్బు కన్నా తక్కువ కరెంటుతో రాబట్టవచ్చన్నారు. ఆ తర్వాత ఎల్‌ఈడీలు వ్యాపించడంతో ఆ బల్బే బజారులో వెనకబడిపోయింది.

100 పల్సులు: ఒక్క దెబ్బతో కాదు

ఒక్క పల్సుతో చక్కని చాళ్లు రావు. మొదటి పల్సు అక్కడక్కడా గుంటలు, బుడిపెలు మిగిల్చి పోతుంది. తర్వాతి పల్సుకు అవే గరుకు. కాంతి వాటికి తగిలి ఇంకా ఎక్కువగా చెదురుతుంది. పది పల్సులకు తెగిన ముక్కల్లాంటి చాళ్లు, యాభై నుంచి వందకు పొడవైన వరుసలు కనిపిస్తాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే ఈ వరుసలు స్కేలు పెట్టి గీసినట్టు ఉండవు. ఒక చాలు కొంత దూరం పోయి రెండుగా చీలుతుంది, మరొకటి పక్కదానిలో కలుస్తుంది. గట్ల మీద ఎగిరిపడిన లోహపు నలుసులు అంటుకుని ఉంటాయి. పల్సులు వేలకు చేరితే చాళ్లు చెరిగి, లోతైన గుంటలు, స్తంభాల్లాంటి దిబ్బలు మిగులుతాయి.

వరుసగా పల్సులు పడేకొద్దీ లోహం అలసిపోతుంది, తక్కువ శక్తికే లొంగుతుంది. దీనికీ ఒక సూత్రం ఉంది: ఒక్క పల్సుకు కావలసిన శక్తిని, పల్సుల సంఖ్యకు ఒక చిన్న రుణ ఘాతం వేసి గుణించాలి. చాలా లోహాలకు ఆ ఘాతం మైనస్ 0.1, మైనస్ 0.2ల మధ్య ఉంటుంది. మైనస్ 0.15 అనుకుంటే 100 పల్సుల తర్వాత అవసరమయ్యే శక్తి సగానికి పడిపోతుంది.

150 డిగ్రీలు: నీటిబొట్టు నిలవని చోటు

తామరాకు మీద నీరు ఎందుకు నిలవదో 1997లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన బార్త్‌లోట్, నైన్‌హుయిస్ వివరించారు. ఆకు మీద మైక్రోమీటర్ల బుడిపెలు, వాటి మీద నానోమీటర్ల మైనపు నలుసులు ఉంటాయి. బొట్టు ఆ మొనల మీదే నిలబడుతుంది, కింద గాలి ఉంటుంది. బొట్టుకూ ఉపరితలానికీ మధ్య కోణం 150 డిగ్రీలు దాటితే దాన్ని అతి జలవికర్షకం అంటారు.

లేజర్‌తో పెద్ద గాడులు వేసి, వాటి మీద నానో నిర్మాణం తేగలిగితే లోహానికీ ఈ గుణం వస్తుంది. 2015లో గువో, వొరొబ్యేవ్ ప్లాటినం, టైటానియం, ఇత్తడి మీద చేసి చూపారు. టెఫ్లాన్ పూత మీద నీరు జారాలంటే దాదాపు 70 డిగ్రీలు వంచాలి. వాళ్ల లోహం మీద 5 డిగ్రీల లోపే చాలు.

ఇక్కడొక మెలిక ఉంది. లేజర్ కింద నుంచి అప్పుడే తీసిన లోహం నీటిని తోసేయదు, చాలాసార్లు గబగబా పీల్చుకుంటుంది. గాలిలో ఉంచితే రోజులు గడిచేకొద్దీ గుణం తలకిందులవుతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ఈ మార్పును నమోదు చేశారు. గాలిలోని కర్బన పదార్థాలు ఉపరితలానికి పట్టడమే ఇందుకు కారణమని ఇప్పుడు ఎక్కువమంది అంగీకరిస్తారు. అంటే ఆకారం లేజర్ ఇస్తుంది, మిగతా సగం పని గాలి చేస్తుంది.

16 శాతం: హైదరాబాద్ లెక్క

హైదరాబాద్ బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఇదే తరహా లేజర్‌ను ఇంజిన్ దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడి శాస్త్రవేత్తలు 100 ఫెమ్టోసెకన్ల పల్సులతో పిస్టన్ రింగుల మీద 10 నుంచి 20 మైక్రోమీటర్ల వెడల్పు, 5 నుంచి 10 మైక్రోమీటర్ల లోతున్న గుంటలు చేశారు. ఇవి నానో చాళ్లు కావు, వాటి కన్నా పెద్దవి. రాపిడి జరిగే చోట ఆ గుంటలు ఆయిల్‌ను పట్టి ఉంచుతాయి, అరిగి రాలిన నలుసులను దాచుకుంటాయి. టెస్టు రిగ్గు మీద నడిపితే లూబ్రికేటింగ్ ఆయిల్ ఖర్చు 16 శాతం తగ్గింది.

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సోమ వేణుగోపాలరావు బృందం దారి వేరు. వాళ్లు ఫెమ్టోసెకను, పికోసెకను లేజర్లతో వెండి, బంగారం, రాగి వంటి లోహాల మీద నానో నిర్మాణాలు తెచ్చి, వాటితో పేలుడు పదార్థాల జాడ పట్టే పని చేస్తున్నారు. ఇందులో ఆధారం రామన్ ఫలితం. అణువుకు తగిలిన దాదాపు కోటి ఫోటాన్లలో ఒక్కటే రంగు మార్చుకుని, ఆ అణువు ఏదో చెప్పే గుర్తుతో తిరిగొస్తుంది. కోటికి ఒక్కటి అంటే పసిగట్టడం కష్టం. లోహపు నానో మొనల దగ్గర కాంతి క్షేత్రం విపరీతంగా బలపడుతుంది కాబట్టి, అక్కడ చిక్కిన అణువు సంకేతం లక్షల రెట్లు పెరుగుతుంది. పిక్రిక్ ఆమ్లం, ఆర్‌డీఎక్స్ వంటివి అతి స్వల్పంగా ఉన్నా దొరికిపోతాయి.

11 గంటలు: చదరపు మీటరుకు పట్టే సమయం

ఇప్పుడు రెండో కాలం లెక్కకు వద్దాం. చుక్క 50 మైక్రోమీటర్లు, ఒక్కో చోట 50 పల్సులు పడాలి. అంటే పల్సుకూ పల్సుకూ మధ్య చుక్క 1 మైక్రోమీటరు జరగాలి. వరుసకూ వరుసకూ మధ్య 25 మైక్రోమీటర్లు వదులుదాం. సెకనుకు 1,000 పల్సులిచ్చే ప్రయోగశాల లేజర్‌తో చదరపు అంగుళానికి 7 గంటలు దాటుతుంది. లక్ష పల్సులతో 4 నిమిషాల పైచిలుకు. 10 లక్షల పల్సులతో 26 సెకన్లు. ఆ వేగంతో కూడా చదరపు మీటరుకు 11 గంటలు పడుతుంది. 2015 నాటి రోచెస్టర్ ప్రయోగంలో చదరపు అంగుళానికే గంట పట్టింది.

మరి పల్సులు ఇంకా పెంచితే? సెకనుకు 10 కోట్ల పల్సులైతే చదరపు మీటరు 7 నిమిషాల్లో అయిపోవాలి, కాగితం మీద. చుక్కను సెకనుకు 100 మీటర్ల వేగంతో నడపాలి. తిరిగే బహుముఖ అద్దాలతో ఆ వేగం అందుతుంది. 400 వాట్ల సగటు శక్తి కావాలి. అంత శక్తి ఉన్న లేజర్లూ ఉన్నాయి. చిక్కల్లా విరామంతో వస్తుంది. 10 లక్షల పల్సులప్పుడు రెండు పల్సుల మధ్య 1 మైక్రోసెకను దొరుకుతుంది. 10 కోట్లప్పుడు దొరికేది 10 నానోసెకన్లే. ముందటి పల్సు వేడి చల్లారకముందే తర్వాతిది వచ్చి పడుతుంది. వేడి పేరుకుంటుంది, చాళ్లు కరుగుతాయి. పల్సును పొట్టిచేసి సంపాదించిన లాభాన్ని తొందర తినేస్తుంది.

అందుకే ఇప్పుడు పరిశోధన వేగం మీద కన్నా పంపకం మీద సాగుతోంది. ఒకే పుంజాన్ని చాలా చుక్కలుగా విడగొట్టి పక్కపక్కన నడపడం ఒక దారి. రెండు పుంజాలను లోహం మీదే కలిపి, ఒక్క పల్సుతో పెద్ద వైశాల్యంలో గీతలు వేయడం మరో దారి. జర్మనీలోని జార్‌లాండ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ రెండో పద్ధతితో రాగి, ఇత్తడి, స్టీలు పలకల మీద గీతలు వేశారు. వ్యోమగామి మత్థియాస్ మౌరర్ 2021-22 యాత్రలో అవి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరాయి. చేతులు తాకే చోట సూక్ష్మజీవులు ఎంత చేరతాయో చూడటం ఆ ప్రయోగం ఉద్దేశం.

రెండో అడ్డంకి మన్నిక. 200 నానోమీటర్ల లోతు చాలు స్టీలు పీచుతో తోమడానికి తట్టుకోదు. కాబట్టి వంటపాత్రకో, ఇంటి పైకప్పు రేకుకో ఈ విద్య ఇప్పట్లో దిగడం కష్టం. వైశాల్యం తక్కువ, విలువ ఎక్కువ, రాపిడి అరుదు అన్న చోట మాత్రం లెక్క సరిపోతుంది. టైటానియం ఇంప్లాంటు, ఖరీదైన విడిభాగం మీద నకిలీ పట్టే గుర్తు, పేలుడు పదార్థాన్ని పసిగట్టే చిన్న పలక అలాంటివే.

తమంతట తామే శుభ్రపడే లోహాలు వచ్చేశాయని రేపెవరైనా చెబితే మూడు అంకెలు అడగండి: గంటకు ఎన్ని చదరపు సెంటీమీటర్లు చేయగలరు, ఎన్నిసార్లు తుడిచాక కూడా 150 డిగ్రీల కోణం నిలుస్తుంది, చదరపు సెంటీమీటరుకు ఖర్చెంత? 100 ఫెమ్టోసెకన్ల సంగతి ఎప్పుడో తేలిపోయింది. ఇక తేలాల్సినవి ఈ మూడే.